హిమపాదుకాచార్యుడు

నార్వే దేశమున పుట్టిన ప్రతివాడును కాళ్లకు స్కీలతోనే పుట్టునని ఆ దేశస్థులలో ఒక నానుడి కలదు. ఆ నానుడిని కల్పించిన పెద్దలు, పుట్టిన శిశువు కాళ్లనున్న ఆ స్కీలు ఎంత పొడవు గలవో, వాని వంపు మెత్తనిదో గట్టిదో, అవి పొడిమంచునకు తగినవో తడిమంచునకు తగినవో చెప్పక విడిచిపెట్టిరి. పెద్దలు విడిచిన ఈ లోపమును పూరించుటకే కాబోలు, ఓస్లో నగరమున ఒక విధమైన పురుషులు అవతరించి, శరత్తు మొదలు వసంతము వరకు స్కీల దుకాణములలోను, స్కీలతో క్రిక్కిరిసిన రైలుపెట్టెలలోను, అడవి నడుమనున్న విడిదిగృహముల వాకిళ్లలోను సంచరించుచుందురు. వీరిలో ఒక్కని చూచినచో అందరిని చూచినట్లే గావున ఏకవచనముననే వర్ణించెదను. పేరు పెట్టినచో ఆ పేరు గల సజ్జనుడెవడైనను నొచ్చుకొనునేమో యను భయముచే, ఆచార్యుడని మాత్రము వ్యవహరించెదను.

స్కీలనగా ఇచ్చట కొండకొమ్మునుండి లోయలోనికి దూకు సాహసికుల పలకలు కావు. మిట్టపల్లములు గల అడవిదారులలో, మడమ విడిగా నుండి బూటు కొన మాత్రమే బంధింపబడిన పాదములతో, చేత రెండు కర్రలు పట్టుకొని, ఆమడలకు ఆమడలు నడచియు జారియు పోవుటకు పనికివచ్చు సన్నని పొడవైన పలకలు. అట్టి పలకలపై పోవుట ఆ దేశమున విద్య కాదు, అలవాటు. అట్టి పలకలను ఎంచుట మాత్రము విద్య. ఆ విద్యకు మన ఆచార్యుడు పీఠాధిపతి.

ఆచార్యుడు ఏబదియైదేండ్ల వయస్సువాడు, ఆజానుబాహువు, చలిగాలికి చెక్కిళ్లు కెంపెక్కినవాడు, యౌవనమున పందెములలో పాల్గొని, గెలువకున్నను, గెలిచినవారి వీపులను తగినంత సమీపమునుండి దర్శించినవాడు. నడుము మాత్రము నాటికంటె నేడు కొంత ఉదారముగా విస్తరించినది. ఆ సంగతి అతని కోటు బొత్తాములకు తెలియును, అతని భార్యకు తెలియును, అతనికి తెలియదు. అతని జేబులలో ఎల్లప్పుడును నాలుగు వస్తువులుండును: మంచు చలిని కొలుచు ఉష్ణమాపకము, మైనము గీకు చిన్న పలక, నాలుగు మడతలు పెట్టిన తెల్లకాగితము, ఒక రసమట్టము. మొదటి రెండును ఆ దేశమున పలువురి కడ కాననగును. తక్కిన రెండును ఆచార్యత్వ చిహ్నములు. వాని ప్రయోజనమును సందర్భము వచ్చినపుడు చెప్పెదను.

అక్టోబరు మాసమున బిర్చిచెట్ల ఆకులు పసుపుబారి రాలుచుండగా, తక్కిన పౌరులు తమ కార్లకు శీతకాలపు టైర్లు మార్పించుకొను చింతలో నుండగా, ఆచార్యుడు దుకాణ ప్రవేశము చేయును. అతడు గ్రాహకునివలె గాక తనిఖీ అధికారివలె ప్రవేశించును. అతని పొడవైన నీడ వాకిట పడగానే, అనుభవము గల పనివారు వెనుక గదిలో ఏదో వెదకవలసిన పని యున్నట్లు అదృశ్యులగుదురు. ఆ సంవత్సరమే చేరిన అమాయకుడొకడు చిక్కును. ఆచార్యుడు ఒక జత తీయించి, ఒక్కొక్క స్కీని కంటికానించి కొననుండి కొనవరకు సూటిగా నున్నదో లేదో చూచును; పిదప రెండింటి అడుగులను ఎదురెదురుగా చేర్చి, నడుమ సందులోనుండి వెలుతురు ఏ మేరకు కనబడుచున్నదో పరికించును; పిదప రెండు చేతులతో బిగించి నొక్కి, ఆ సందు సమముగా మూసికొనుచున్నదో, ఒక ప్రక్కకు ఒరగుచున్నదో నిర్ణయించును. మన ఎద్దుల సంతలలో, కొనుగోలుదారు ప్రక్కన నిలిచి, ఎద్దు పండ్లు పట్టి చూచి, తోక మెలిపెట్టి, నాలుగడుగులు నడిపించి, చివరకు తల అడ్డముగా ఆడించు పెద్దమనుష్యుని చూచినవారికి ఆచార్యుని చూడ బనిలేదు. ఇరువది జతలు తీయించి పందొమ్మిదింటిని నిరాకరించును. ఇరువదియవదానిని కొంత వాత్సల్యముతో నిమిరి, “ఆలోచించి వచ్చెదను” అని పోవును. ఆలోచన నవంబరు దాటును.

ఆచార్యునికి చరిత్ర మిక్కిలి ప్రియము. ఒక జత స్కీలనుగూర్చి ప్రశ్నించినవానిని అతడు తిన్నగా దుకాణమునకు గొనిపోడు. మొదట సుమారు నాలుగువేల యేండ్ల నాటి రొడొయ్ శిలాచిత్రము కడకు గొనిపోవును. రాతిపై చెక్కిన ఆ ఆదిమ మానవుని స్కీలు వాని యెత్తును మించి మిక్కిలి పొడవుగా నుండుట చూపి, “ఆనాడును సరియైన సలహా చెప్పువాడు లేకపోయెను” అని నిట్టూర్చును. అటనుండి 1888లో నాన్సెన్ గ్రీన్‌లాండు హిమభూమిని స్కీలపై దాటిన కథ. అటనుండి 1911 డిసెంబరు 14న అముండ్సెన్ దక్షిణధ్రువమును చేరిన కథ. ఆ విజయమున నాయకుని ధైర్యమునకు కొంత, కుక్కల బలమునకు కొంత పాలు పంచియిచ్చి, మిగిలిన పెద్ద పాలును స్కీలను ఎంచినవాని ఖాతాలో వ్రాయును. వినువాడు ఓపికగలవాడైనచో 1923లో తెరువబడి నేడు హోల్మెన్‌కొల్లెన్ గుట్టపై నున్న స్కీల ప్రదర్శనశాలకు వెంటబెట్టుకొనిపోయి, అద్దపు బీరువాలలోని మహాపురుషుల స్కీలను చూపుచు, వానిలో ఏవి వారికి ఒక రవ్వ మెత్తనైనవో విమర్శించును.

కొయ్యయుగమును స్మరించునపుడు అతని కంఠము గద్గదమగును. బిర్చి, హికరీ కొయ్యలతో చేసి అడుగున తారు పూసిన స్కీల కాలమున ఎంపిక సులభముగా నుండెను: చేయి పైకెత్తి నిలుచున్నచో స్కీ కొన మణికట్టునకు తగులవలెను, తగిలినచో కొనవలెను. పొడుగరికి పొడవైనవి, పొట్టివారికి పొట్టివి. 1974లో స్వీడనులోని ఫాలున్ నగరమున జరిగిన ప్రపంచ పోటీలలో గాజునార స్కీలు కొయ్య స్కీలను వెనుకకు నెట్టిన పిదప ఆ సులభయుగ మంతరించెను. నాటినుండి స్కీ మనుష్యుని యెత్తును గాక బరువును అడుగ నారంభించెను. “ఎత్తు చెప్పుటకు ఎవ్వడును సిగ్గుపడడు, శాస్త్రమునకు కష్టకాలము వచ్చినది ఆనాటినుండియే” అని ఆచార్యుడు సెలవిచ్చును, ఆ మాట ఎవరినిగూర్చి సత్యమో ముందు తెలియగలదు.

ఇక శాస్త్రము. స్కీ రెండు పరస్పర విరుద్ధములైన పనులు చేయవలెను: జారవలెను, పట్టవలెను. జారనిది ముందునకు పోదు. పట్టనిది మిట్ట యెక్కదు. ఈ విరోధమును పరిహరించుటకై స్కీ నడుమ భాగమును పైకి వంచి నిర్మింతురు. ఆ వంపు క్రింద, పాదమునకు దిగువను, పట్టునిచ్చు మైనము పూయుదురు. రెండు పాదములపైనను బరువు పంచుకొని జారునపుడు వంపు పూర్తిగా అణగదు. మైనము మంచునకు ఆనదు. స్కీ సుఖముగా జారును. ఒక్క పాదముపై సమస్త భారమును మోపి వెనుకకు తన్నునపుడు వంపు అణగి మైనము మంచును పట్టును. ఆ పట్టుతో మనుష్యుడు ముందునకు పోవును. వంపు మెత్తనైనచో మైనము ఎల్లవేళల మంచునంటి ఈడ్చుచుండును; గట్టిదైనచో ఎంత తన్నినను మంచునంటక, ఎత్తెక్కబోయినవానిని బయలుదేరిన చోటికే క్షేమముగా చేర్చును. కావున ఈ విద్యయందలి రహస్యమంతయు, ఈ వంపునకు ఈ శరీరము తగునా యను నొక్క ప్రశ్నలో నిమిడి యున్నది.

దీనికి పరీక్ష కలదు; ఇచ్చటనే తెల్లకాగితము ప్రవేశించును. సమతలమైన నేలపై రెండు స్కీలనుంచి, వానిపై నిలిచి, బరువును సమముగా పంచినపుడు పాదము క్రింద నుంచిన కాగితము ముందునకు వెనుకకు అడ్డులేక కదలవలెను. బరువునంతయు ఒకే స్కీపై మోపినపుడు ఆ కాగితము లాగినను రాక బిగిసికొనవలెను. పరీక్ష ఇంతే. అయినను నేల సమతలము కానిచో పరీక్ష వ్యర్థమని ఆచార్యుని దృఢ విశ్వాసము, కావుననే రసమట్టము. ఓస్లో నగరమున ఏ దుకాణపు నేల ఏ మూల ఎంత వాలియున్నదో ఆ భవనములు కట్టిన తాపీమేస్త్రీలకంటె అతనికే బాగుగా తెలియును. అతడు మోకాళ్లపై వంగి రసమట్టములోని బుడగను చూచుచుండగా, పిల్లల చేతితొడుగులు కొనవచ్చిన గృహిణులు ఆ భవనమేదో కూలిపోవుచున్నదేమో యని సందేహించి పిల్లలను వెలుపలికి లాగుకొనిపోవుటయు కలదు.

దుకాణదారులు మాత్రము ఈ శాస్త్రమునకు మూలమైన లోకజ్ఞానమును మౌనముగా సంపాదించియున్నారు. స్కీలు కొనవచ్చువానిని వారు రెండు ప్రశ్నలడుగుదురు: బరువెంత? నేర్పెంత? ఈ రెండింటికిని సత్యము పలుకువాడు భూలోకమున అరుదు. బరువు చెప్పునపుడు మానవుడు పదియేండ్లు వెనుకకును, నేర్పు చెప్పునపుడు పదియేండ్లు ముందునకును పోవును. బరువు తగ్గించి చెప్పినందున మెత్తని వంపు రావలసియుండును; నేర్పు హెచ్చించి చెప్పినందున గట్టి వంపు రావలసియుండును; రెండసత్యములును ఒకదానినొకటి కొట్టివేయగా, కట్టకడపట వానికి తగిన స్కీయే వాని చేతికి వచ్చును. సత్యమే జయించునని చెప్పిన శాస్త్రములు, రెండసత్యములు కలిసి పనిచేసినపుడు ఏమగునో విచారించినట్లు కానరాదు.

ఇతరుల అసత్యములను కనిపెట్టుటలో ఆచార్యుని మించినవాడు లేడు. గుంటూరునుండి కంప్యూటరు ఉద్యోగమునకై ఓస్లో చేరిన తెలుగు యువకుడొకడు, ఆదివారము అడవికి రమ్మని తోడి ఉద్యోగులు పిలువగా, ఎర్రని చారలు గల పందెపు స్కీలపై మనసుపడి దుకాణమున నిలిచియుండ, ఆచార్యుడు వానిని సమీపించెను.

“నాయనా, నీ బరువెంత?”

“70 కిలోలండి.”

ఆచార్యుడు ఒక యడుగు వెనుకకు వేసి, వానిని శిరస్సునుండి పాదములవరకు పరికించెను. “ఆ 70 నీవు మీ దేశమున విమాన మెక్కిన నాటిది. ఇప్పుడు 78. పైకోటును, వీపు సంచియు, అందులోని సీసాయు, నారింజపండ్లును స్కీయే మోయవలెను గదా! కావున 81.”

అమ్మ పంపిన ఆవకాయయు, ఆ దేశస్థుల గోధుమరంగు చీజును ఏకకాలమున తన శరీరమునకు చేసిన ఉపకారము బయటపడగా యువకుడు తల వంచుకొనెను.

“నేర్పెంత?”

“మధ్యమమండి.”

“స్కీలపై ఎన్నడైన నిలిచితివా?”

“నిలువలేదండి. ఒలింపిక్ పోటీలలో చూచితిని.”

“అనగా చూచుటలో మధ్యముడవు. ఈ ఎర్రచారల జత నీవెక్కినచో వంగదు, నీవే వంగెదవు. ఇదిగో, ఈ జత తీసికొమ్ము. దీని అడుగున మోహేరు రోమముల పట్టీ యున్నది. ముందునకు జారనిచ్చును, వెనుకకు జారనీయదు. మైనము చింత లేదు.”

రోమపట్టీ స్కీలన్నచో ఆచార్యునికి లోలోపల చులకన. మైనము పూయనివాడు మోక్షమునకు దొడ్డిదారిని పోవుచున్నాడని అతని తలంపు. అయినను రోగికి తగిన పథ్యమును వైద్యుడు తన రుచిని బట్టి చెప్పరాదు గదా! అతడు చెప్పిన జత ఆ యువకునికి అక్షరాల తగినది. డిసెంబరున పడినన్ని పాటులు పడి, జనవరిలో లేచి, ఫిబ్రవరినాటికి ఆ యువకుడు 1883లో స్థాపితమైన స్కీ సంఘమువారు నూర్‌మార్కా అడవిలో తీర్చియుంచు జంట చాళ్ల వెంట ఉల్లెవోల్‌సేటర్ విడిదివరకు పోయి, అచ్చటి వేడి వాఫులు తిని, చీకటి పడకముందే మరలి రాగలిగెను. ఆచార్యుని మాట విని చెడినవాడు ఓస్లోలో లేడు. ఈ విషయమున ఒక్కనికే మినహాయింపు, అతడు ఆచార్యుడు.

ఆచార్యుని యింటి నేలమాళిగలో తొమ్మిది జతల స్కీలు గోడకు చేరవేసి యుండును. తొమ్మిదింటిలో ఒక్కటియు సరిగా జారదు. కారణము సులభము. ఎవ్వరేని బరువడిగినచో అతడు పందెములు పరుగెత్తిన నాటి బరువునే, అనగా 82 కిలోలనే, నేటికిని నిశ్చలచిత్తముతో చెప్పును. నేర్పడిగినచో మాత్రము, తాను పరులకంటె ఘనుడనని ఎవ్వడును తలపరాదని బోధించునదియు, ఆక్సెల్ సాండెమూసె 1933 నాటి తన నవలలో ‘యాంటె శాసన’మను పేర ఎగతాళి చేసినదియు నగు ఆ స్కాండినేవియా సంప్రదాయమునకు బద్ధుడై, “ఏదో సామాన్యముగా పోగలను” అని వినయము ప్రకటించును. లోకులు బరువును తగ్గించి నేర్పును హెచ్చించి బ్రతికిపోవుదురు. ఆచార్యుడు రెండింటిని తగ్గించును. దోషములు రెండును ఒకే దిక్కున లాగగా, మెత్తనివానిలో మెత్తని స్కీ అతనికి లభించును. అతడెక్కినంతనే దాని వంపు నేలమట్టమగును. మైనము మంచునంటుకొని అడుగడుగునను ఈడ్చును. దంభముచే చెడినవారిని చూచితిమి. వినయముచే ఇంత చెడినవానిని చూడలేదు.

ఈ యీడ్పునకు కారణమును ఆచార్యుడు మొదట మైనముమీద మోపును. అతని మైనపు పెట్టెలో డబ్బాలు వర్ణక్రమమున నిలిచియుండును: తీవ్రమైన చలికి ఆకుపచ్చ, మితమైన చలికి నీలము, సున్న డిగ్రీల సమీపమున ఊదా, తడిమంచునకు ఎరుపు, కరగి మరల గడ్డకట్టిన మంచునకై గొట్టములలో క్లిస్టర్ అను బంకపదార్థము. ఆదివారము ఉదయమున ఒకటవ నంబరు రైలెక్కి ఫ్రోగ్నర్‌సేటెరెన్‌లో దిగి, మంచులో ఉష్ణమాపకము గ్రుచ్చి, నీలము పూసి పది బారలు పోవును, స్కీ ఈడ్చును. మరలివచ్చి నీలమును గీకి ఆకుపచ్చ పూయును; స్కీ మరల ఈడ్చును. మధ్యాహ్నము దాటునప్పటికి క్లిస్టర్ వంతు వచ్చును. అది స్కీకి కొంతయు, చేతితొడుగులకు కొంతయు, రైలు తలుపు పిడికి కొంతయు అంటును. డిసెంబరు మాసమున ఆ నగరమున సూర్యుడు మధ్యాహ్నము మూడుగంటలు దాటగానే అస్తమించును గావున, శాస్త్రము ఒక కొలిక్కి వచ్చునప్పటికి వెలుగు మిగులదు.

ఆచార్యుని భార్యకు శాస్త్రము తెలియదు. బడిపిల్లల వాద్యబృందమునకు నిధి కూర్చుటకై ఏటేట నడపు పాతసామానుల సంతలో, కాఫీకి కూడ చాలనంత వెలకు ఆమె ఒక జత స్కీలను కొనెను. వాని వంపును ఆచార్యుడు పరీక్షింపబోగా, ఆమె “అవసరము లేదు” అని వానిని అటకపై పెట్టెను. భర్త నీలమును గీకుచున్న సమయమున ఆమె చెట్లనడుమ కనుమరుగై, అతడు ఊదా పూయుచున్న సమయమున నల్లద్రాక్షవంటి పండ్ల వేడి పానకము త్రాగి, అతడు క్లిస్టరుతో పెనగులాడుచున్న సమయమున తిరిగివచ్చి, “మంచు నేడు ఎంత బాగున్నది!” అనును. ఆచార్యుడు ఆమెను జాలితో చూచును. కారణము తెలియని సుఖము సుఖము కాదని అతని సిద్ధాంతము.

ఏటేట మార్చి నెలలో అతడు బిర్కెబైనర్ పందెమునకు పూనుకొనును. 1206వ సంవత్సరమున, అంతర్యుద్ధకాలమున, శత్రువుల చేత చిక్కకుండ పసికందగు రాకుమారుడు హోకొన్‌ను ఇద్దరు యోధులు స్కీలపై కొండలు దాటించిరి. ఆ శిశువే పిదప నార్వేకు రాజయ్యెను. ఆ సాహసమునకు స్మారకముగా 1932 నుండి జరుగుచున్న ఈ పందెమున, రేనా నుండి లిల్లెహామర్ వరకు 54 కిలోమీటర్లు పోవు ప్రతివాడును, శిశువునకు ప్రతిగా, 3.5 కిలోలకు తగ్గని సంచిని వీపున మోయవలెను. ఈ మూడున్నర కిలోల విషయమున ఆచార్యుని జాగరూకత అసాధారణము. సంచిని త్రాసులో తూచును. అందలి వస్త్రములు తడిసినచో హెచ్చు బరువెంతయో గణించును. దానివలన వంపుపై కలుగు అదనపు భారమును కాగితముపై వ్రాసి, దశాంశస్థానమువరకు సవరించును. 800 యేండ్ల క్రిందటి రాకుమారుని బరువు ఈ విధముగా లెక్కకెక్కును. 55 యేండ్ల ఆచార్యుని నడుము బరువు మాత్రము ఏ లెక్కకును ఎక్కదు.

కడచిన శరత్తున ఒక దుకాణమున క్రొత్తగా చేరిన బాలిక యొకతె, వెనుకగదిలోనికి పోవలెనను మర్యాద ఇంకను నేర్వనిది, అతనికి చిక్కెను. ఇరువదియవ జత వరకు తీసిచ్చి, “బరువెంతండీ?” అని అడిగి, “82” అను సమాధానము విని, ఒక్క క్షణము అతనిని చూచి, “నిలువుడు, కాగితము పెట్టెదను” అనెను. ఇన్నేండ్లలో ఆచార్యుడు ఇతరుల పాదముల క్రింద కాగితమును లాగెనే గాని, తన పాదముల క్రింద ఒకరు లాగగా నిలిచియుండలేదు. అతడు గంభీరముగా స్కీలపై నిలిచి, బరువును రెండు పాదములపైనను సమముగా పంచి, కన్నులు మూసికొనెను. బాలిక కాగితమును లాగెను, అది రాలేదు. రెండు చేతుల లాగెను, కాగితము చిరిగెను.

“అయ్యా, మీకు ఇంతకంటె గట్టి వంపు కావలెను” అని ఆమె మెల్లగా చెప్పెను.

“అమ్మాయీ, గట్టి వంపు కాదు, మీ నేల సమతలముగా లేదు” అని ఆచార్యుడు చిరునవ్వుతో స్కీలు దిగి, జేబునుండి రసమట్టమును తీసి నేలపై నుంచెను. బుడగ సరిగా నడుమ నిలిచెను. అడ్డముగా త్రిప్పి యుంచెను, నడుమనే నిలిచెను. బల్లక్రింద నుంచెను, గుమ్మము కడ నుంచెను. అన్ని చోట్లను నడుమనే నిలిచెను. ఆచార్యుడు దానిని వెలుతురునకెత్తి, కన్ను చికిలించి చాలసేపు చూచి, “ఇది చెడినది” అని తీర్పు చెప్పి, “ఆలోచించి వచ్చెదను” అని పోయెను.

ఈ యేడు స్కీలు కొనుటకు అతనికి తీరిక దొరకలేదు. ఇనుపసామానుల దుకాణములలో సంచరించుచు, నమ్మదగిన రసమట్టమును ఎంచుట యెట్లో పరిశోధించుచున్నాడు. ఇంతవరకు పదునొకండింటిని ఆ స్కీల దుకాణమునకే గొనిపోయి పరీక్షించెనట, పదునొకండింటిలోను బుడగ నడుమనే నిలిచెనట, అన్నియు చెడినవేనట.